పక్కచేను బేరం

విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్ళు సొంత ఊళ్ళో ఎకరం మాగాణి కొనకూడదు. ఫ్లాట్లు కొనవచ్చు, షాపులు కొనవచ్చు, ఇళ్ళ స్థలాలు కొనవచ్చు, పొలం మాత్రం కొనకూడదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళలో ఎక్కువమందికి మింగుడుపడదు. నా మటుకు నాకు ఈ నియమం ఉండటమే మంచిదనిపిస్తుంది. అయితే దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పే కారణాల్లో సగం, గట్టిగా రెండు ప్రశ్నలు వేస్తే నిలబడవు. ఆ ప్రశ్నలు వేసే మనిషి కూడా ఎదురుగా ఉండాలనే ఈ సంవాదం. ఇందులో మేనమామది తెనాలి వైపు ఒక డెల్టా గ్రామం. సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరయ్యాడు. మేనకోడలు కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఉంటుంది. అమెరికా పౌరురాలు, భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. మాటలు ఫోనులో జరుగుతున్నాయి. ఇద్దరూ కల్పితాలే గాని, వాళ్ళ వాదన ఇవాళ ఊరూరా ఏదో ఒక ఇంట్లో నడుస్తున్నదే.

మేనకోడలు: మామయ్యా, అమ్మ పొలం పడమటి గట్టుకి ఆనుకుని ఉన్న రెండెకరాలు బేరానికి వచ్చిందట. తమ్ముడు చెప్పాడు. నేనే తీసుకుందామనుకుంటున్నాను. రేటు దగ్గర పేచీ పెట్టను. మీరు ఒకసారి కాగితాలు చూసిపెడితే చాలు.

మేనమామ: చేను కాగితాలు తర్వాత చూద్దాం తల్లీ, ముందు నీ కాగితం చూడాలి. నీది అమెరికా పాస్‌పోర్టు. ఆ చేను నువ్వు కొనటానికి వీల్లేదు.

మేనకోడలు: ఓసీఐ కార్డు ఉంది కదా.

మేనమామ: ఉంది. దాంతో విజయవాడలో ఫ్లాటు కొనుక్కో, హైదరాబాదులో పది కొనుక్కో, ఇన్నే కొనాలన్న లెక్క లేదు. డబ్బు బ్యాంకు ద్వారా రావాలి, నోట్లకట్టలు పనికిరావు, అంతే. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, కాఫీ టీ తోటల్లాంటి ప్లాంటేషన్, ఈ మూడూ మాత్రం కుదరవు. విదేశీ మారకం చట్టం, అదే ఫెమా, దాని కింద 2019లో వచ్చిన నిబంధనల్లో అలా ఉంది. అప్పుడు కొత్తగా పెట్టింది కూడా కాదు, పాతదే. ఓసీఐ వాళ్ళ హక్కుల మీద కేంద్రం 2021 మార్చిలో ఇచ్చిన నోటిఫికేషనులోనూ ఇదే ముక్క ఉంది.

మేనకోడలు: అంటే నేను పౌరసత్వం మార్చుకోకుండా ఉంటే సరిపోయేదా?

మేనమామ: అప్పుడూ కుదరదు. మన పాస్‌పోర్టు పెట్టుకుని హెచ్-1బీ మీద ఉన్నవాడికీ ఇదే నియమం. కాకపోతే వాడు తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడితే ఆ అడ్డు తొలగిపోతుంది. ఇల్లు కొనడం దగ్గర మీ ఇద్దరికీ ఉన్న హక్కు, మన మూలాలు లేని అమెరికా వాడికి లేదు. అక్కడ కూర్చుని ఇక్కడి ఆస్తి ఏదీ అతను కొనలేడు, ఐదేళ్ళు మించకుండా లీజుకు తీసుకోవడం తప్ప.

మేనకోడలు: మరి అమ్మ పొలంలో సగం నా పేరున ఎలా వచ్చింది? పాసుపుస్తకం మీరే దగ్గరుండి చేయించారు.

మేనమామ: అది వారసత్వం. వారసత్వానికి అడ్డు లేదు. అమ్మ పోయింది, నీకూ తమ్ముడికీ చెరి ఎకరంన్నర వచ్చింది. నువ్వు ఏ దేశం పౌరురాలివైనా అది నీదే. ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. అమ్మాలంటే మాత్రం ఇండియాలో ఉండేవాళ్ళకే అమ్మాలి. నీ పక్కింటి తెలుగాయనకు, ఆయనా అక్కడే ఉంటాడు గనక, అమ్మకూడదు.

మేనకోడలు: ఆ పొలం అమ్మకు ఎలా వచ్చిందో గుర్తుందా మామయ్యా?

మేనమామ: గుర్తు లేకపోవడమేమిటి. మా నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. పెళ్ళికి పది రోజుల ముందు రిజిస్ట్రేషను.

మేనకోడలు: ఇప్పుడు ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న పిల్లకు పెళ్ళి కుదిరింది. తండ్రి తాతయ్యలాగే పసుపు కుంకుమ కింద ఎకరం ఇద్దామనుకున్నాడు. ఇవ్వగలడా?

మేనమామ: లేడు. బంధువుల దగ్గర్నుంచి ఇల్లు బహుమతిగా పుచ్చుకోవచ్చు గాని, పొలం పుచ్చుకోకూడదు. ఆ పిల్ల విమానం ఎక్కకముందే రాసిస్తే పేచీ లేదు. ఇండియాలో ఉండగా సంపాదించుకున్న ఆస్తి, దేశం విడిచి వెళ్ళినా ఉంచుకోవచ్చని ఫెమాలోనే, 6వ సెక్షన్లో ఉంది. వెళ్ళాక అయితే ఒక్కటే దారి, తండ్రి వీలునామా రాయాలి.

మేనకోడలు: అంటే తండ్రి ప్రేమగా చేతికిస్తే తప్పు, చచ్చిపోయి ఇస్తే ఒప్పు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం మార్చి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు మగపిల్లాడితో సమానంగా పుట్టుహక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ మార్పు రావటానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది, 2005 దాకా. అంత ముందుచూపున్న నేల మనది. అక్కడ ఆడపిల్ల పసుపు కుంకుమకు విదేశీ మారకం చట్టం అడ్డొస్తోందంటే మీకేమీ అనిపించడం లేదా?

మేనమామ: అనిపిస్తుంది. ఆ ఒక్క చోట నియమం మొరటుగానే ఉంది, ఒప్పుకుంటాను. వీలునామాకు లేని భయం దానపత్రానికి ఎందుకంటే, దానం పేరుతో అమ్మకాలు జరుగుతాయని. డబ్బు లోపాయికారీగా చేతులు మారుతుంది, కాగితం మీద మేనమామ ప్రేమతో ఇచ్చినట్టు ఉంటుంది. నా సర్వీసులో అలాంటి దానాలు చాలా రిజిస్టరు చేశాను. అవన్నీ ప్రేమతో ఇచ్చినవేనని నేనెప్పుడూ నమ్మలేదు.

మేనకోడలు: సరే, అసలు భయం ఏమిటో చెప్పండి. నేను ఎకరం కొంటే ఎవరికి నష్టం?

మేనమామ: నీ పొలం చేస్తున్న కౌలురైతుకి. అతనికీ ఆ పక్కచేను మీద కన్నుంది. పదేళ్ళుగా రెండు కుటుంబాల పొలం కౌలుకు చేసి, గేదెల మీద ఇంత కూడబెట్టుకున్నాడు. ఊళ్ళో రేటుకి ఊళ్ళోవాళ్ళే బేరమాడితే అప్పో సప్పో చేసి అరెకరమైనా కొంటాడు. నువ్వు ఇప్పుడే అన్నావు, రేటు దగ్గర పేచీ పెట్టనని. ఆ మాట అనగలిగినవాళ్ళు నలుగురు వచ్చారంటే, మట్టి పిసికేవాడు ఆ బేరంలో మాట్లాడే పనే ఉండదు. పంట మీద వచ్చే ఆదాయానికీ, ఎకరం ధరకీ ఇప్పటికే పొంతన లేదు. మినుము, వరి పండించి ఆ ధర రాబట్టాలంటే ఒక జీవితం చాలదు.

మేనకోడలు: ఆ పొంతన నావల్ల పోయిందా? నన్ను కొననివ్వని రోజుల్లోనే కదా ఈ ధరలన్నీ పెరిగింది! హైదరాబాదు వ్యాపారి వచ్చి కొంటాడు, బెంగళూరు సాఫ్ట్‌వేరు ఆయన కొంటాడు. ఢిల్లీవాడైనా కొనొచ్చు. కొన్ని రాష్ట్రాల్లో రైతు కుటుంబం అయితేనే సాగుభూమి కొనాలని చట్టం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో అదీ లేదు. 1973 నాటి భూసంస్కరణల చట్టం ప్రకారం మెట్ట అయితే రకాన్ని బట్టి ఒక కుటుంబం 35 నుంచి 54 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. ఎన్నడూ మడిలో కాలుపెట్టని మనిషి అంత కొనుక్కుంటే తప్పులేదు, ఆ ఊళ్ళో నాట్లు చూస్తూ పెరిగిన నేను రెండెకరాలు కొంటే రైతు నాశనమైపోతాడా?

మేనమామ: హైదరాబాదు వ్యాపారిని కూడా ఆపాలనే నేనంటాను. ఆ తలుపు తెరిచి ఉందని ఈ తలుపు కూడా తీసెయ్యమంటే ఎలా?

మేనకోడలు: అదేం జవాబు మామయ్యా. అసలు దొంగను వదిలి దొరికినవాణ్ణి పట్టుకున్నట్టుంది. నేను ఉండే ఊరికి గంట దూరంలో యూబా సిటీ ఉంది. పంజాబీ రైతుల పీచు తోటలు. వాళ్ళ తాతలు వచ్చినప్పుడు కాలిఫోర్నియాలో 1913 నాటి చట్టం ఒకటి ఉండేది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వానికి అర్హత లేదని తేల్చింది. దాంతో పొలం చేసేది వీళ్ళు, కాగితంలో పేరు తెల్ల స్నేహితుడిది, లేకపోతే అక్కడ పుట్టిన పసిపిల్లలది. ఆ స్నేహితుడు మంచివాడైతే పొలం మిగిలింది, కాకపోతే పోయింది. ఆ చట్టం 1952లో గాని కొట్టేయలేదు. అక్కడ మనవాళ్ళకు జరిగిందే, ఇక్కడ మనవాళ్ళే మాకు చేస్తున్నారు.

మేనమామ: పోలిక బాగానే తెచ్చావు గాని పూర్తిగా అతకదమ్మా. ఆ పంజాబీలు అక్కడే ఉన్నారు. అక్కడి మట్టిలోనే దున్నారు. దున్నేవాడికి హక్కు లేకుండా చేసింది ఆ చట్టం, రంగు చూసి చేసింది. ఇక్కడి నియమం ఎవరి ఒంటి రంగూ చూడదు, ఎక్కడుంటున్నావని అడుగుతుంది. మీ దేశంలోనే అయోవా రాష్ట్రం ఉంది. దేశంలో నివసించని విదేశీయుల్ని అదీ సాగుభూమి కొననివ్వదు. మక్కజొన్న పండించే రాష్ట్రానికి ఆ జాగ్రత్త అవసరమైతే, వరి పండించే డెల్టాకి అక్కర్లేదా?

మేనకోడలు: సరే, ఫిలిప్పీన్స్ తీసుకోండి. అక్కడ రాజ్యాంగమే విదేశీయులకు భూమి ఇవ్వొద్దంటుంది. మనకన్నా కఠినం. అయినా అక్కడ పుట్టి, తర్వాత వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్ళను పరాయివాళ్ళ లెక్కలో వెయ్యలేదు. పల్లెల్లో 3 హెక్టార్ల వరకు కొనుక్కోమని 1996లో చట్టం చేశారు. 2003లో ఇంకో చట్టంతో పాత పౌరసత్వమే తిరిగి పుచ్చుకునే వీలు ఇచ్చారు. హద్దు పెట్టండి, నేను కాదనను. రెండెకరాలని పెట్టండి. అసలు వద్దనడం దేనికి?

మేనమామ: 3 హెక్టార్లంటే ఏడెకరాల పైచిలుకు. మన ఊళ్ళో ఏడెకరాలున్నవాణ్ణి పెద్ద రైతంటారు. ఒక్కో ఇంటి నుంచి ఇద్దరేసి అమెరికాలో ఉన్న ఊళ్ళు మన జిల్లాలో ఉన్నాయి. ఒక్కొక్కరికి రెండెకరాలని హద్దు పెట్టినా, ఊరి పొలం ఎంతమందికి చాలుతుందో నువ్వే లెక్కేసుకో. హద్దు ఒక్కొక్కరికి చిన్నదే, ఊరికి చిన్నది కాదు.

ఇక్కడ మేనమామ మాట నాకు బలంగా తోస్తుంది. ఫ్లాట్ల సంగతి వేరు. గిరాకీ పెరిగితే ఇంకో పదంతస్తులు లేస్తాయి. కృష్ణా కాలవ కింద మాగాణి లేవదు. ఉన్నది పంచుకోవడమే. అయితే మేనకోడలు తర్వాత ఎత్తిన మాటకు అతని దగ్గర అంత తేలిక జవాబు లేదు, నా దగ్గరా లేదు.

మేనకోడలు: నా సంగతి వదిలేయండి. నాకు పొలం లేకపోయినా గడుస్తుంది. కడప నుంచి కువైట్ వెళ్ళిన డ్రైవరు సంగతి చెప్పండి. నిజామాబాదు నుంచి దుబాయ్ వెళ్ళి తాపీపని చేసే అతని సంగతి చెప్పండి. వాళ్ళు వెళ్ళిందే పొలం లేక. ఆ డ్రైవరుకి కువైట్ పౌరసత్వం ఇవ్వదు, ఇవాళ కాకపోతే రేపు తిరిగి రావలసినవాడే. మన పాస్‌పోర్టే. పదిహేనేళ్ళు ఎండలో కష్టపడి, ఊళ్ళో రెండెకరాలు కొనుక్కుని వచ్చి దున్నుకుందామనుకుంటే, మీ ఫెమా లెక్కలో అతనూ నేనూ ఒకటే. ఈ నియమం రైతును కాపాడటానికైతే, రైతు కావాలనుకున్నవాడికి అడ్డెందుకు పడుతోంది?

మేనమామ: అతను భార్య పేరున కొంటాడు. నా ఆఫీసులో అలా ఎన్నో రిజిస్ట్రేషన్లు జరిగాయి. ఆమె ఊళ్ళోనే ఉంటుంది, ఫెమా అడ్డురాదు. లెక్క చూపగలిగిన సంపాదనతో భార్య పేరునో పిల్లల పేరునో కొంటే బినామీ కిందకి రాదని బినామీ చట్టంలోనే ఉంది. ఒకరకంగా మేలే జరిగింది. మగవాడు ఇక్కడే ఉంటే ఆమె పేరున సెంటు కూడా రాయించేవాడు కాదు.

మేనకోడలు: పెళ్ళికానివాడో? భార్యను కూడా తీసుకెళ్ళినవాడో? మంచి జరిగింది చట్టం వల్ల కాదు మామయ్యా, చట్టాన్ని తప్పించుకోబోతే జరిగింది.

మేనమామ: అతని విషయంలో నీతో వాదించను.

మేనకోడలు: సరే. పోనీ తమ్ముడి పేరున కొంటాను. వాడు హైదరాబాదులోనే ఉన్నాడు. డబ్బు నేను పంపుతాను, పేరు వాడిది. అందరూ చేస్తున్నదే.

మేనమామ: అందరూ చేస్తున్నదే గనకే చెప్తున్నాను, జాగ్రత్తగా విను. నువ్వు తమ్ముడికి డబ్బు బహుమతిగా పంపితే తప్పు లేదు. ఆ డబ్బుతో వాడు పొలం కొనుక్కుంటే ఆ పొలం వాడిది. నీది కాదు. పంటా వాడిదే, అమ్మితే వచ్చే సొమ్మూ వాడిదే. దానికి నువ్వు సిద్ధమేనా?

మేనకోడలు: మా ఇద్దరి మధ్యా ఒక మాట ఉంటుంది కదా. రేపు నేనడిగితే రాసిచ్చేస్తాడు.

మేనమామ: ఆ మాటే బినామీ. 1988 నాటి చట్టం, 2016లో దానికి పళ్ళు పెట్టారు. డబ్బు ఒకరిది, పేరు మరొకరిది, అనుభవించేది డబ్బు ఇచ్చినవాళ్ళు. అదే కదా మీరనుకుంటున్నది? ఆస్తి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా కఠిన జైలు, ఆస్తి మార్కెటు విలువలో పాతిక శాతం దాకా జరిమానా. భార్యకూ పిల్లలకూ ఇచ్చిన మినహాయింపు తోబుట్టువులకు లేదు. తోబుట్టువు పేరుతోపాటు నీ పేరు కూడా దస్తావేజులో కలిసి ఉంటేనే మినహాయింపు. నీ పేరు కలిపితే ఫెమా అడ్డు, తీసేస్తే బినామీ చట్టం అడ్డు. నాన్న పేరున కొంటానంటావేమో, ఆయన ఒక్కడి పేరున కొన్నా అంతే.

మేనకోడలు: తమ్ముడు నన్ను మోసం చేస్తాడా మామయ్యా?

మేనమామ: చెయ్యడు. వాడు నా చేతుల్లో పెరిగాడు. కాని వాడికి రేపు ఏదైనా అయితే? పొలం వాడి భార్యకూ పిల్లలకూ వెళ్తుంది. వాళ్ళకు మీ ఇద్దరి మధ్య మాట తెలియదు, తెలిసినా వాళ్ళను కట్టిపడెయ్యదు. ఇది నా డబ్బుతో కొన్నదని నువ్వు కోర్టుకెళ్తే, ఆ దావా వెయ్యటానికే వీల్లేదంటుంది ఆ చట్టంలో 4వ సెక్షను. ఇందాక పంజాబీల సంగతి చెప్పావే, స్నేహితుడు మంచివాడైతే మిగిలింది, కాకపోతే పోయిందని. నువ్వు నీ అంతట నువ్వు ఆ గతిలోకి వెళ్తానంటున్నావు.

మేనకోడలు: మరి తమ పేరునే రిజిస్ట్రేషను చేయించుకున్నవాళ్ళు ఉన్నారు. నా స్నేహితురాలే ఉంది. హైదరాబాదు శివార్లలో ఫామ్ ల్యాండ్ అని గుంటల లెక్కన అమ్మితే పది గుంటలు కొనుక్కుంది. ఓసీఐ వాళ్ళు కూడా కొనవచ్చని అమ్మినవాళ్ళే చెప్పారట. రిజిస్ట్రేషను కూడా అయిపోయింది.

మేనమామ: రిజిస్ట్రేషను అయిందంటే చట్టం ఒప్పుకుందని కాదు. మా బల్ల మీదకు కాగితం వస్తే స్టాంపు డ్యూటీ సరిపోయిందా, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా, సంతకాలు పెట్టే మనుషులు వాళ్ళేనా, ఇవి చూస్తాం. కొనేవాడు ఏడాదిలో ఎన్నాళ్ళు ఏ దేశంలో ఉన్నాడో తేల్చే పని మాది కాదు. రెవెన్యూ రికార్డులో ఆ పది గుంటలు వ్యవసాయ భూమి అని ఉంటే, చుట్టూ కాంపౌండు కట్టి మామిడి మొక్కలు పెట్టి గేటుకి ఎంత అందమైన పేరు పెట్టినా వ్యవసాయ భూమే. పట్టుబడితే ఫెమా కింద లావాదేవీ విలువకు మూడింతల దాకా పెనాల్టీ వెయ్యవచ్చు, ఆస్తి జప్తు చెయ్యవచ్చు. నీ స్నేహితురాలికి చెప్పు. తనంతట తాను ఆ భూమి వదిలించుకుని రిజర్వు బ్యాంకుకి కాంపౌండింగ్ దరఖాస్తు పెట్టుకుంటే జరిమానాతో బయటపడే దారి ఉంది. తెలియక కొన్నానంటే సరిపోదు.

మేనకోడలు: తెలియకే కొన్నది.

మేనమామ: పాత కేసు ఒకటి చెప్తాను. బెంగళూరులో ఒక విదేశీయుడి ఆస్తి. ఆయన పోయాక భార్యకొచ్చింది. ఆవిడా విదేశీయురాలే. 1977లో దాన్ని ఒకరికి దానంగా రాసిచ్చింది. అప్పట్లో ఫెమాకి ముందున్న ఫెరా చట్టం, రిజర్వు బ్యాంకు అనుమతి ముందుగా తీసుకోవాలి, తీసుకోలేదు. నలభై ఏళ్ళకు పైగా గడిచాక 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ దానం చెల్లదని తీర్పిచ్చింది. ఇప్పుడున్న ఫెమా వేరు, నిజమే. కాని భూమి విషయంలో పాతబడితే అదే సర్దుకుంటుందనుకునేవాళ్ళు ఆ తీర్పు చదవాలి.

మేనకోడలు: పోనీ తమ్ముడికే అని డబ్బు ఇచ్చేస్తాను. నిజంగానే ఇస్తాను, నాకు మళ్ళీ అక్కర్లేదు. అప్పుడు కాగితాలు చూస్తారా?

మేనమామ: ఇప్పటికే చూసి ఉంచాను. ఎకరం అరవై సెంట్లు జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి. పేచీ లేదు, మూడు చేతులు మారినా లింకు దస్తావేజులన్నీ ఉన్నాయి. మిగతా నలభై సెంట్లు చుక్కల భూమి. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు తెరిస్తే పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో వరసగా చుక్కలు పెట్టి ఉన్నాయి. ఆనాటి గుమాస్తా పెట్టిన చుక్కలు. ఎవరి పేరూ తేలక పెట్టాడో, తీరిక లేక పెట్టాడో. ఆ చుక్కల వల్ల మన రాష్ట్రంలో ఎంతమంది పొలం అమ్ముకోలేక, అప్పు పుట్టక అల్లాడారో చెప్పలేను. వాటి కోసమే 2017లో ప్రత్యేకంగా చట్టం చేశారు. ఈ నలభై సెంట్లకు ఆ పని ఇంకా పూర్తికాలేదు. అది తేలేదాకా బయానా ఇవ్వొద్దని వాడికి చెప్పాను.

మేనకోడలు: అసైన్డ్ కాదు కదా?

మేనమామ: కాదు. అసైన్డ్ అయితే అసలు చూసేవాణ్ణే కాదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని కొంటే చెల్లదని 1977 నుంచీ చట్టం ఉంది. ఇరవయ్యేళ్ళు దాటితే అసలు లబ్ధిదారు అమ్ముకోవచ్చని ఆంధ్రలో 2023లో సడలించారు, దాని చుట్టూ ఎన్ని గొడవలు నడిచాయో పేపర్లో చూశావు కదా. ఇనాం, దేవాదాయ, వక్ఫ్ భూముల జోలికి పోకూడదు. అరకు వైపు, భద్రాచలం వైపు ఏజెన్సీ భూమి అంటావా, అక్కడ గిరిజనులు కానివాళ్ళు ఎవరూ కొనలేరు, ఇక్కడివాళ్ళైనా సరే. 1970 నాటి ఒకటో రెగ్యులేషను అంటే అదే. ఆ చట్టాన్ని ఎవరూ అన్యాయమనరు. కొనే స్తోమత లేనివాడి పొలాన్ని, కొనగలవాడి నుంచి కాపాడేందుకు పెట్టిన కంచె అది. నీ విషయంలో ఉన్నదీ అలాంటి కంచేనని నా అభిప్రాయం.

మేనకోడలు: కంచె వేసి లోపల చేను ఎవరికిచ్చారు మామయ్యా? ఇందాకట్నుంచి కౌలురైతు, కౌలురైతు అంటున్నారు. నేను కొనకపోతే ఆ చేను కౌలురైతుకి వస్తుందా? హైదరాబాదు నుంచి మా తమ్ముడు కొంటాడు. ఇప్పుడు మీరు వాడికేగా కాగితాలు చూసిపెట్టారు!

ఈ ప్రశ్న దగ్గర మేనమామ చాలాసేపు మాట్లాడలేదు. నియమం పెట్టినవాళ్ళు కూడా దీనికి జవాబు చెప్పాలి. డాలరును ఆపారు, హైదరాబాదు రూపాయిని ఆపలేదు. ఊళ్ళో దున్నేవాడికి ఆ రెండింటిలో ఏది వచ్చి చేను ఎగరేసుకుపోయినా ఒకటే.

మేనమామ: ఆ మాట ఒప్పుకుంటాను. ఈ నియమం ఒక్కటే కౌలురైతుకి చేను తెచ్చిపెట్టదు. పోటీదారుల్లో ఒక వరస తగ్గిస్తుంది, అంతే. ఆ అంతే కూడా తీసెయ్యమంటే నేను ఒప్పుకోను. అసలు కొనే సంగతి పక్కనపెట్టి, ఇప్పటికే నీ పేరున ఉన్న ఎకరంన్నర సంగతి మాట్లాడదాం. నీ కౌలురైతు మొన్న నా దగ్గరికి వచ్చాడు. తమ్ముడి వాటాకు సాగుదారు కార్డు వచ్చింది. నీ వాటాకు రాలేదు.

మేనకోడలు: ఏం కార్డు?

మేనమామ: ఆంధ్రలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమానికీ కౌలుదారుకీ పదకొండు నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం ఉంటే అతనికి కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉంటే బ్యాంకులో పంటరుణం, పంట పోతే నష్టపరిహారం, బీమా అతని పేరున వస్తాయి. లేకపోతే తుపానొచ్చి చేను పడిపోయినా కాగితం మీద నష్టపోయింది నువ్వే. శాక్రమెంటోలో ఉన్న నువ్వు.

మేనకోడలు: నాకెవరూ చెప్పలేదే.

మేనమామ: యజమాని విదేశంలో ఉన్న పొలాలన్నిటికీ ఇదే గతి. సంతకం పెట్టేవాడుండడు. ఇక్కడున్న యజమానులూ భయపడతారు. 1956 నాటి కౌలుదారీ చట్టం మనసులో పెట్టుకుని, సంతకం పెడితే పొలం పోతుందనుకుంటారు. ఈ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని 2019 చట్టంలో స్పష్టంగా ఉంది. నువ్వు కొనకూడదని నేను గట్టిగా అనడానికి అసలు కారణం ఇదే తల్లీ. నువ్వు చెడ్డదానివని కాదు. మీ చేతుల్లోకి వెళ్ళిన ప్రతి ఎకరం మీదా దున్నేవాడు కాగితంలో లేకుండా పోతున్నాడు.

మేనకోడలు: ఆ మాట మొదటే చెప్తే ఇంతసేపు వాదించేదాన్ని కాదు. అయితే నియమం అలాగే రాయాలి. విదేశంలో ఉన్న ఓనరు, వారసత్వంగా వచ్చినదైనా సరే, సాగుదారుకి కార్డు ఇప్పించి తీరాలని రాయాలి. ఎవరు కొన్నారని కాదు, ఎవరు సంతకం పెట్టారని అడగాలి. అప్పుడు హైదరాబాదు ఓనరు కూడా దాని కిందకే వస్తాడు.

మేనమామ: అలా రాస్తే నేను ఎదురు చెప్పను. రాసేదాకా ఉన్న నియమాన్ని మాత్రం తియ్యొద్దంటాను.

మేనకోడలు: నేను తియ్యమనే అంటాను, కనీసం కువైట్ నుంచి తిరిగొచ్చేవాడి కోసం. సరే, ఆ సంతకం ఎలా పెట్టాలి? నేను వచ్చేది డిసెంబరులో.

మేనమామ: నా పేరున పవరాఫ్ అటార్నీ రాసి పంపు. పొలం అమ్మే అధికారం రాయకు, కౌలు ఒప్పందం, సాగుదారు కార్డు, ఇంతవరకే రాయి. అక్కడ నోటరీ చేయించి అపోస్టిల్ వేయించు, లేకపోతే మన కాన్సులేటులో ధ్రువీకరణ చేయించు. కాగితం ఇండియాకి వచ్చిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి, ఆ పని నేను చూసుకుంటాను.

మేనకోడలు: ఈ వారంలో పంపిస్తాను. పక్కచేను తమ్ముడు కొంటాడా, కౌలురైతు కొంటాడా?

మేనమామ: ఆ నలభై సెంట్లు వదిలేసి జిరాయితీ అరెకరం వరకు కౌలురైతుకి ఇస్తావా అని అమ్మేవాణ్ణి అడిగాను. ఆలోచిస్తానన్నాడు. మిగతాది తమ్ముడికి. నువ్వు వాడికి ఇచ్చేదేదో ఇవ్వు గాని, ఇచ్చాక అది వాడిదని మనసులో గట్టిగా అనుకుని ఇవ్వు.

మేనకోడలు: కౌలురైతు అరెకరానికి డబ్బు తగ్గితే?

మేనమామ: కార్డు వస్తే పంటరుణం పుడుతుంది, గేదెల డబ్బు పొలానికి మిగులుతుంది. అందుకే సార్వా నాట్లు పడేలోగా ఆ కాగితం నాకు చేరాలి.